తలుపు అవతలి సగం

2020 మార్చి 25, బుధవారం. ఆ రోజు మనకు ఉగాది. శార్వరి నామ సంవత్సరం అడుగుపెట్టింది. శార్వరి అంటే రాత్రి అని పంచాంగం చదివేవాళ్ళు చెప్పారు, వినడానికే ఎట్లో ఉండింది. దేశమంతటికీ అది లాక్‌డౌన్ మొదటి రోజు. మా కతోలికుల క్యాలెండర్లో అదే రోజు మంగళవార్త పండుగ, అంటే గబ్రియేలు దేవదూత నజరేతులో మరియమ్మకు కబురు చెప్పిన రోజు. మూడూ ఒకే తేదీన వచ్చి పడ్డాయి. అయినా ధర్మవరంలో ఆ పొద్దున నేను లేచి గమనించింది వీటిలో ఏదీ కాదు. మగ్గం చప్పుడు లేదు.

ధర్మవరంలో ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ అవతల గుంత మగ్గం. తెల్లారి ఐదున్నరకల్లా నాడె అటూ ఇటూ పరిగెత్తడం మొదలైతే, రాత్రి అన్నం వేళకు గానీ ఆగదు. ఇరవై ఏళ్ళుగా నాకు అలారం అదే. ఆ పొద్దున్నుంచి బెంగళూరు వైపు నుంచి పట్టు రాదు, సూరత్ నుంచి జరీ రాదు, నేసిన చీర కొనే షావుకారు షాపు తెరవడు. పడుగు మగ్గం మీదే ఉంది, చీర సగంలో ఉంది. ఆ అన్న గుంతలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడని వాళ్ళ ఆవిడ గోడ మీదుగా చెప్పింది.

మా గుడికీ తాళమే. అంతకు మూడు రోజుల ముందు, మార్చి 22 ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఈస్టరుకు ముందు మా తపస్సు కాలంలో నాలుగో ఆదివారం అది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, జ్వరం వచ్చిన రోజులు తప్ప, ఆదివారం పూజ లేని ఆదివారం నాకు అదే మొదటిది. సాయంత్రం ఐదింటికి వీధిలో అందరం పళ్ళేలు కొట్టాం. మా అమ్మ మాత్రం కొట్టలేదు. "పొద్దున గంట కొట్టలేదు, సాయంత్రం పళ్ళెం కొట్టమంటే ఎట్లప్పా" అనింది.

మా మతం కానివాళ్ళు కూడా ఈ ప్రసంగం వింటుంటారు కాబట్టి ఒక్క సంగతి చెప్పాలి. మా పక్క వీధి ప్రొటెస్టెంటు సోదరులు ఇంట్లో కూర్చుని వాక్యం చదువుకుని, పాటలు పాడుకుని, పెద్దాయన నాలుగు మాటలు చెబితే, ఆరాధనలో చాలా భాగం జరిగినట్టే. మాకు అట్లా కుదరదు. దివ్యబలిపూజకు గురువు కావాలి, పీఠం కావాలి. ఆయన ఎత్తి చూపే అప్పం, సత్ప్రసాదం అంటాం, క్రీస్తు శరీరమని మా నమ్మకం. దాన్ని నాలుక మీద పెట్టుకోకుండా ఇంటికి వస్తే, పెళ్ళికి పోయి భోంచేయకుండా తిరిగొచ్చినట్టు ఉంటుంది మాకు. కాబట్టి గుడి మూస్తే మాకు మూతపడేది ఒక కట్టడం మాత్రమే కాదు.

మరి ఏం చేశాం? మొదట అందరిలాగే ఫోన్ పట్టుకున్నాం. యూట్యూబ్‌లో కావలసినన్ని పూజలు. విజయవాడ, హైదరాబాదు, బెంగళూరు, రోము, వేలు కదిపితే చాలు. మా మనవడు ఒక ఆదివారం మూడు పూజలు మార్చి మార్చి చూశాడు, ఏ ఫాదర్ ప్రసంగం చిన్నదో అని. ఇంకో ఆదివారం గురువుగారు అప్పం పైకెత్తే సమయానికి సరిగ్గా ఒక ప్రకటన వచ్చి పడింది, వంటనూనెది. మేమంతా మోకాళ్ళ మీద ఉన్నాం. నూనెకు మొక్కాలా లేవాలా తెలియలేదు.

నవ్వుకున్నాం గానీ, నాకు అప్పుడే ఒక అనుమానం పట్టుకుంది. గుడిలో గురువు ఒక మాట అంటే మేం జవాబు చెబుతాం. పూజ అంతా అట్లా అడుగు, జవాబుగానే నడుస్తుంది. ఫోన్లో ఆయన అంటున్నాడు, జవాబు చెప్పవలసిన మేం చూస్తున్నాం. రెండో ఆదివారానికే నోరు కదపడం మానేశాం. మూడో ఆదివారం ఒకరు మంచం మీద, ఒకరు కాఫీ గ్లాసుతో. దీన్ని ప్రార్థన అనడానికి నా మనసు ఒప్పలేదు. సినిమా హాలు మూశారు కాబట్టి ఇంట్లో సినిమా చూసినట్టే ఇదీ.

మా అమ్మకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. చెవి కొంచెం మందం, ఫోన్ పూజ ఆమెకు వినిపించేది కాదు. ఆమె పద్ధతి ఆమెది. హాల్లో యేసు తిరుహృదయ పటం, దాని పక్క చిన్న మరియమాత స్వరూపం, ముందు స్టీలు గ్లాసులో కొవ్వొత్తి, సీసాలో తీర్థం. రోజూ రాత్రి ఏడింటికి జపమాల. ఆమె జపమాల ఒకసారి తెగితే పక్కింటి నేత అన్న మగ్గం మీది పట్టు పోగులు నాలుగు పేని మళ్ళీ గుచ్చి ఇచ్చాడు. అరిటాకు పచ్చ రంగు. పూసలు అరిగి నున్నబడ్డాయి గానీ ఆ దారం ఇప్పటికీ తెగలేదు.

జపమాల ఎట్లా చెబుతారో తెలియనివాళ్ళకు చెబుతాను. మంగళవార్త జపం రెండు సగాలు. మొదటి సగం దేవదూత పలకరింపు, చుట్టం ఎలిసబెత్తమ్మ పలకరింపు. రెండో సగం మన మొర, ఇప్పుడూ చనిపోయే గడియలోనూ మా కోసం వేడుకోమని. ఈ రెండో సగం మెల్లగా శతాబ్దాల మీద రూపు కట్టి, 1568లో అయిదో పీయూస్ పోపు గారి ప్రార్థన గ్రంథంలో ఖాయమైంది. ఐరోపాలో మహమ్మారులు వచ్చిపోతూ ఉన్న కాలం అది. చనిపోయే గడియ అనే మాట ఊరికే అన్నది కాదు. ఇప్పుడు ఇంట్లో అయిదుగురు కూర్చుంటే, ఒకరు మొదటి సగం అంటారు, మిగతావాళ్ళు రెండో సగం అందుకుంటారు. పది మార్లు అయ్యాక పరలోక జపం, మళ్ళీ పది. అయిదు పదులు. ఒక్కరే ఉంటే రెండు సగాలూ ఒక్కరే చెప్పుకోవచ్చు. కానీ దాని కట్టుబడి చూస్తే ఇద్దరి కోసమే కట్టినట్టు ఉంటుంది. పడుగు ఒకటీ పేక ఒకటీ.

ఫోన్ పక్కన పెట్టి మేమంతా అమ్మ ముందు చేరాం. మొదటి వారం నామోషీగా ఉండింది. స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, త్రికాల జపం మధ్యలో మరిచిపోయాను. పుస్తకం చూసి కూడబలుక్కున్నాను. అమ్మ కళ్ళు తెరవకుండానే నా తప్పు సరిదిద్దింది.

ఆ ఏడాది మట్టల ఆదివారం ఏప్రిల్ 5. ఆ రోజు ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపుగా గుడికి పోతాం. ఆశీర్వదించిన మట్టను ఇంటికి తెచ్చి పటం వెనక దోపుతాం. మరుసటి ఏడు వాటినే కాల్చి విభూది బుధవారానికి బూడిద చేస్తారు. ఆ ఆదివారం మట్ట కోసం ఊరి బయటికి పోదామంటే పోలీసులు. ఏ ఆకైనా సరే ఇంటి ముందు కట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. మా ఇంటి ముందు ఉన్నది వేపచెట్టు. అమ్మ రెండు వేపకొమ్మలు విరిపించి గడపకు అటొకటి ఇటొకటి కట్టించింది. పది నిమిషాలు కాలేదు, పక్కింటావిడ గాబరాగా గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమి పెద్దమ్మా, ఇంట్లో ఎవరికన్నా అమ్మవారు పోసిందా?"

ఆమె తప్పు లేదు. మన ఊళ్ళలో గడపకు వేపాకు కట్టారంటే అమ్మవారు వచ్చిందని అర్థం. లోపలికి రావద్దని అర్థం. మా అమ్మ నవ్వి, "మాకు స్వామి వస్తాండాడు తల్లీ" అనింది. ఆ తర్వాత చాలాసేపు ఆ కొమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. రెండు అర్థాలూ ఆ రోజు సరిపోయాయి.

ఏప్రిల్ 9 పవిత్ర గురువారం. గుడిలో ఆ రాత్రి చదివే మొదటి పఠనం నిర్గమకాండం 12వ అధ్యాయం నుంచి. ఐగుప్తులో చావు వీధుల్లో తిరుగుతున్న రాత్రి, ఇంటింటికీ ఒక గొర్రెపిల్ల, గుమ్మానికి దాని నెత్తురు గుర్తు. అదే అధ్యాయంలో, తెల్లారేదాకా ఒక్కరూ గడప దాటకూడదని మోషే ఆజ్ఞ. నలభై ఏళ్ళు ఆ కథ గుడి బెంచీ మీద కూర్చుని విన్నాను. ఇంటి నేల మీద కూర్చుని, బయట పోలీసు విజిల్ వినబడుతుండగా చదివితే తెలిసింది, అది గుడిలో జరిగిన కథ కాదు, ఇళ్ళలో జరిగిన కథ. మంగళవార్త కూడా అంతే. లూకా సువార్త మొదటి అధ్యాయం తీసి చూడండి. జెకర్యా గురువుకు దూత కనబడింది దేవాలయంలో, ధూపం వేసేచోట. ఆయన నమ్మలేక మూగవాడయ్యాడు. ఆరు నెలలకు అదే దూత పేరు ప్రఖ్యాతి లేని ఊళ్ళో ఒక పిల్ల దగ్గరికి పోయాడు. ఆమె అడగవలసింది అడిగి, సరే అనింది. రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభ, అంటే ఇంట్లోనే ఉన్న సంఘం, అని పిలిచింది. ప్రసంగాల్లో ఆ మాట ఎన్నోసార్లు విని తల ఊపాను. అర్థం కావడానికి తాళం పడాల్సి వచ్చింది.

రోము సంగతి కొంచెం చెప్పాలి. మార్చి 27 శుక్రవారం, మనకు రాత్రి పదిన్నర. వాన పడుతున్న సెయింట్ పీటర్స్ ప్రాంగణంలో అప్పటి పోపు ఫ్రాన్సిస్ ఒక్కరే నడిచి రావడం మీలో చాలామంది టీవీలో చూసి ఉంటారు. ఆ రాత్రి అక్కడ పెట్టిన సిలువ సాన్ మార్చెల్లో గుడిది. 1522లో రోములో ప్లేగు వచ్చినప్పుడు జనం దాన్ని భుజాన ఎత్తుకుని పదహారు రోజులు వీధి వీధీ తిప్పారు. 2020లో అదే సిలువ, చుట్టూ ఒక్కరూ లేరు. వెయ్యి నాలుగొందల ఏళ్ళ కిందట, 590లో, గ్రెగరీ పోపు ప్లేగు తగ్గాలని పెద్ద ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపులో నడుస్తూ నడుస్తూనే ఎనభై మంది కుప్పకూలారని ఆనాటి చరిత్రకారుడు రాసిపెట్టాడు. మందగా చేరి మొక్కితే ఏమవుతుందో శ్రీసభకు తెలియడానికి నెత్తురు ఖర్చయింది. గుడి మూయడం విశ్వాసం లేక అని 2020లో కొందరు మాట్లాడారు. వాళ్ళకు ఈ ఎనభై మంది సంగతి తెలిస్తే బాగుండేది.

నాకు ఎక్కువ ఇష్టమైనది మిలాను కథ. 1576లో అక్కడ ప్లేగు. ఊరంతా ఇళ్ళల్లో ఉండాలని ఆజ్ఞ. అక్కడి అగ్రపీఠాధిపతి చార్లెస్ బొర్రోమియో, తర్వాత పునీతుడయ్యాడు. ఆయన నాలుగు వీధుల కూడళ్ళలో పీఠాలు కట్టించి, జనం కిటికీల్లోంచే పూజ చూసేటట్టు చేశాడు. రోజుకు ఏడుసార్లు గంట మోగేది. మోగగానే అందరూ కిటికీల దగ్గరికి వచ్చి ప్రార్థన మొదలుపెట్టేవాళ్ళు, ఒకరు అంటే ఎదురింటివాళ్ళు అందుకునేవాళ్ళు. మళ్ళీ అదే చూడండి, రెండు సగాలు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఫ్రెంచి జెస్యూట్ గురువులు 18వ శతాబ్దం మొదట్లో పుంగనూరు, చిక్కబళ్ళాపురం మీదుగా మన సీమలోకి వచ్చారు. వాళ్ళలో గాస్టన్ కూర్దూ అనే ఆయన తెలుగు బాగా నేర్చి, 1742లో మన నూలు బట్టలకు అద్దకం ఎట్లా వేస్తారో రంగు రంగుకూ వివరంగా ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. నేతగాళ్ళ ఊళ్ళో ఉండి ఆ మాట చెప్పకుండా పోలేను. 1773లో పోపు జెస్యూట్ సభనే రద్దు చేశాక గురువులు పలచబడ్డారు. అప్పుడు పల్లెల్లో విశ్వాసం నిలబెట్టింది మతం నేర్పే ఉపదేశులు, ఇళ్ళలో ముసలమ్మలు. పూజ లేకపోయినా జపం నోటికి వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి మిగిలింది.

2020 ఆగస్టులో కోవిడ్ నాకే వచ్చింది. రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు దాటుతున్న నెల. హిందూపురం అప్పటికే ఎన్ని వారాలు రెడ్‌జోన్‌లో ఉండిందో మీకు తెలుసు. పక్కింటి నేత అన్నకు ముందే వచ్చి, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో ఉన్నాడు. దాన్ని అప్పుడు కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. నాది తేలిక రకమే, ఇంట్లోనే ఉండమన్నారు. పిల్లల్ని అనంతపురం పంపించేశాం. వెనక గదిలో నేను, ముందు హాల్లో అమ్మ. మధ్య నడవా, మూసిన తలుపు.

ఏడింటికి అమ్మ నడవాలో పీట వేసుకుని కూర్చునేది. చెవి మందం కాబట్టి గొంతు పెద్దది. మొదటి సగం అనేది. తలుపు ఇవతల నుంచి నేను రెండో సగం. దగ్గు వచ్చి మధ్యలో ఆగితే ఆమెకు వినబడదు, జవాబు కోసం అట్లే ఎదురుచూసేది. నేను తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టేవాణ్ణి, అయ్యిందని గుర్తు. నాలుగో రోజు ఊపిరి బరువై, పది మంగళవార్తల్లో మూడో దానికే గొంతు రాలేదు. వేలు కూడా లేపలేదు. నిశ్శబ్దం. అప్పుడు గోడ అవతల నుంచి, మగ్గం గుంత ఉన్న వైపు నుంచి, ఒక చిన్న గొంతు రెండో సగం అందుకుంది. పక్కింటి పిల్ల, ఆరో తరగతి. అయిదు నెలలుగా రోజూ గోడ గుండా వింటోంది, నోటికి వచ్చేసింది. ఒక మాట తప్పు పలికింది కూడా. వాళ్ళింట్లో చౌడేశ్వరమ్మ పటం ముందు నాయన కోసం దీపం వెలుగుతోంది. అక్కడే కూర్చుని ఇది చెప్పింది. పదీ పూర్తి చేసింది.

మా అమ్మకు వినబడిందో లేదో. నేను అన్నాననుకుందేమో. మరుసటి పది మొదలుపెట్టింది.

వాళ్ళ నాయన క్షేమంగా తిరిగొచ్చాడు. మగ్గం మళ్ళీ మోగింది.

అంతకు ముందే, జూన్ 8 నుంచి, గుళ్ళు తెరవవచ్చన్నారు. నేను మళ్ళీ గుడి మొహం చూసింది సెప్టెంబరులో. గుమ్మంలో తీర్థం తొట్టి ఎండిపోయి ఉంది, శానిటైజరు సీసా పెట్టారు. బెంచీకి ఇద్దరు. సత్ప్రసాదం నాలుక మీద కాదు, చేతిలో పెడతామన్నారు. నా పక్క వరుసలో ఒక పెద్దావిడ చేయి చాపలేక, "పేడ పిసికిన చేతులు నాయనా ఇవి" అని ఫాదర్ గారి ముందు నిలబడిపోయింది. ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె చేతులు చాపింది, అంతే చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఇంటి జపం పూజకు బదులు కాదు. ఆ ఆరు నెలల ఆకలి నాకు తెలుసు. ఆ ఆకలిని ఆత్మీయ సత్ప్రసాద స్వీకారం అనే చిన్న జపంతో ఓర్చుకున్నామే గానీ తీర్చుకోలేదు. అయితే ఫోన్లో చూసే పూజ ఇంటి జపానికి బదులు కాదు, ఇది మాత్రం గట్టిగా అంటాను. చూడ్డం తేలిక. జవాబు చెప్పడం పని. లాక్‌డౌన్ అయ్యాక మా వీధిలోనే మూడు కతోలిక ఇళ్ళు జపమాల మానేసి ఫోన్ పూజ మాత్రం నిలుపుకున్నాయి. ఎందుకంటే అందులో ఎవరూ ఎదురు కూర్చోనక్కర్లేదు.

మా అమ్మ ఇప్పుడు మంచం దిగదు. ఆమెకు లాక్‌డౌన్ ఎత్తేయలేదు, ఇంక ఎత్తేయరు. నెలకోసారి ఫాదర్ గారు సత్ప్రసాదం తెస్తారు. మిగతా రోజులు ఏడింటికి నేను పక్కన కూర్చుని మొదటి సగం అంటాను. ఆమె రెండో సగం పెదవుల మీదే అంటుంది.

మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలో, ఇట్లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేయండి. కాళ్ళు పడిపోయినవాళ్ళు, బెంగళూరులో పనికి పోయిన పిల్లలు వదిలేసిన ముసలివాళ్ళు, బత్తలపల్లి నుంచి తిరిగొచ్చి ఊపిరి సరిపోక గుడి మెట్లు ఎక్కలేనివాళ్ళు. ఈ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారిని పట్టుకుని వాళ్ళ పేరు, వీధి, సందు చెప్పండి. ఆయనకు తెలియకపోవచ్చు. సాయంత్రం ఏడింటికి మీరే ఒకరింటికి పోండి. ఫోన్ ఇంట్లో పెట్టి పోండి. మొదటి సగం మీరు అనండి. చెవి మందమైతే కొంచెం గట్టిగా అనండి.